పెద్దులు మేటు టిఫిన్ డబ్బా

డోర్నకల్ దగ్గర రైలు పట్టాల బాగోగులు చూసే మా గ్యాంగుకు పెద్దులు మేటు. అంటే మా పద్నాలుగు మందికీ పెద్ద. నోరు మహా చెడ్డది. ఆయన చేత తిట్లు తినని వాడు మాలో లేడు.

నేను ఐలేశ్‌ని, కీమాన్‌ని. సుత్తె భుజాన వేసుకుని, రోజూ నాకు అప్పగించిన మేర ఒంటరిగా నడిచి, పట్టాల బిగింపులు వదులైతే సరిచేయాలి. ఆ సుత్తె ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరు.

కిందటేడు వానాకాలంలో నాకేమైందో నాకే తెలియదు. ఇంట్లో గొడవల్లేవు, ఒంట్లో జ్వరం లేదు. నిద్ర మాత్రం పోయింది. అన్నం సయించేది కాదు. గాలి సోకిందని మా ఆవిడ భూలక్ష్మి తాయత్తు కట్టించింది, పాపం. ఒకరోజు చాయ్ తాగుతూ, "బతకబుద్ధైతలేదు మేటన్నా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దులు నవ్వలేదు. లేచి వచ్చి నా సుత్తె తీసుకున్నాడు. రేపటి నుంచి గ్యాంగులో తన పక్కనే పనిచేయమన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్లుగా పనిలో వంక పెట్టించుకోని వాణ్ణి, అందరి ముందూ ఇంత అవమానమా? సాయంత్రం ఆయనింటికే వెళ్లి నోటికొచ్చినట్టు తిట్టాను. ఎదురు మాట అనకుండా అంతా విని, మానుకోట దవాఖానలో మనసు జబ్బులు చూసే డాక్టరు దగ్గరికి పోదామన్నాడు. పిచ్చి డాక్టరు దగ్గరికి చచ్చినా రానన్నాను. సరేనని నా వెంటే వచ్చి, మా అరుగు మీద పక్క వేసుకున్నాడు. ఎంత మొండివాడో చూడండి.

మర్నాడు మధ్యాహ్నం గ్యాంగంతా తుమ్మచెట్టు కింద డబ్బాలు విప్పింది. పెద్దులు తన టిఫిన్ డబ్బా మూతలోంచి ఓ మాత్ర తీసి, అందరికీ కనిపించేలా పట్టుకుని, మింగాడు.

"గిది బీపీ గోలి కాదురా. నాకూ గిట్లనే అయింది. పదకొండేండ్ల సంది గా దవాఖానకే పోతున్న. నేను పిచ్చోన్నైతే, ఇన్నేండ్లు పిచ్చోని మాట విన్న మీరేంది?"

పదకొండేళ్లు దాచుకున్నది నా కోసం బయటపెట్టాడు మహానుభావుడు. నాకు ఏడుపు ఆగలేదు. మర్నాడే భూలక్ష్మితో సహా ముగ్గురం బండెక్కాం.

డాక్టరమ్మ ఓపిగ్గా విని మందులు రాసింది. కొన్నాళ్లు నన్ను ఒంటరిగా వదలొద్దని వాళ్లిద్దరికీ చెప్పింది. నిద్ర మెల్లగా వచ్చింది. మధ్యలో పాడు రోజులూ వచ్చాయి. రోజూ అన్నం వేళ పెద్దులు తన మాత్ర మింగి, నేను నాది మింగేదాకా నా మొహమే చూసేవాడు.

ఎనిమిది నెలలకు, ఇక ఒంటరిగా పనికి పోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. పెద్దులు సుత్తె తెచ్చి నా భుజాన పెట్టాడు. రెండు కిలోమీటర్లు నడిచి వెనక్కి చూస్తే, ఎండలో పడి ఆయన నా వెనకాలే వస్తున్నాడు. ఒళ్లు మండిపోయింది. దగ్గరికి రాగానే, నా మీద ఇంకా నమ్మకం కుదరలేదా అని అడిగేశాను.

ఆయాసపడుతూ టిఫిన్ డబ్బా మూత తీశాడు.

"నమ్మకం లేకుంటే సుత్తె ఎందుకిస్త? నీ గోలి మర్చిపోయినవ్. ఇగో, మింగు."

పట్టాల పక్కన కూర్చుని ఎవరిది వాళ్లం మింగాం.