మా పెళ్లి వీడియోలో లేని అత్తయ్య

ప్రేమకథ సినిమా చూసి ఇంటికి రాగానే, అందులో తీసేసిన సీన్లు యూట్యూబ్‌లోకి వచ్చాయా అని వెతకడం నా అలవాటు. మా ఆయన వెక్కిరిస్తాడు. "బిర్యానీ తిన్నంక గిన్నె గీకినట్టు గిదేందే?" అంటాడు. అననీ. హాల్లో హీరోని పొగరుబోతనుకుని తిట్టుకుంటూ, వాడి చేష్టలకి నవ్వుకుంటూ వస్తాం. తీసేసిన సీన్లో వాడు హీరోయిన్ గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని వెళ్లిపోతాడు. దాంతో నవ్విన చోటల్లా గుండె చివుక్కుమంటుంది. నిడివి ఎక్కువైందని కోసేశారట! ఆ విదేశాల పాట కోయొచ్చుగా.

మా పెళ్లి వీడియో కూడా అలాంటి కామెడీ సినిమానే. మాది ప్రేమపెళ్లి. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద గుంటూరు నుంచి ఇటొచ్చారు. మా ఆయన వాళ్లది జనగామ వైపు. ఉప్పల్‌లో ఒకే బస్సెక్కి ఒకరినొకరు చూసుకునేవాళ్లం. పెళ్లి నాచారంలో ఫంక్షన్ హాల్లో జరిగింది. ఆయన జీలకర్రబెల్లం నా నెత్తిన పెట్టబోయి కంట్లో పెట్టడం, మూడో ముడి పడక తడబడుతుంటే ఆడపడుచు "జర జరుగన్నా" అని తోసెయ్యడం, తలంబ్రాలప్పుడు నేను పళ్లెం పళ్లెమే ఆయన మీద గుమ్మరించడం, అన్నీ ఉన్నాయి. చుట్టాలెవరొచ్చినా అదే పెట్టి పడీ పడీ నవ్వేవాళ్లం.

అందులో మా అత్తయ్య మాత్రం లేదు. మామయ్య ఎప్పుడో పోయారు కాబట్టి పీటల మీద మా ఆయన పెదనాన్న, పెద్దమ్మ కూర్చున్నారు. నచ్చినా నచ్చకపోయినా ఆ ఆనవాయితీ నాకు తెలుసు. కానీ తాళి కట్టేటప్పుడు హాల్లో ఒక మూలైనా ఉండాలి కదా? తలొంచుకుని కూర్చునే ఓరకంట వెతికాను, కనబడలేదు. మా సంగతి ఇంట్లో చెప్పినప్పుడు కూడా ఆవిడ అన్నది ఒక్కటే మాట, "మీ ఇష్టం" అని. నేను రెండూ కలిపి, కోడలిగా నేను నచ్చలేదని తేల్చేసుకున్నాను.

అలాగని ఏనాడూ ఒక్క మాట అనేది కాదు. నాకు జ్వరమొస్తే మిరియాల చారు పెట్టేది. కానీ పెళ్లి వీడియో పెట్టగానే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది, తర్వాత ఏడుపొచ్చేది. నా పెళ్లి చూడ్డానికి కూడా ఆవిడకి మనసొప్పదా అనిపించేది.

మొన్న వేసవిలో ఆ వీడియో తీసినాయన ఫోన్ చేశాడు. "అక్కా, డిస్కులు నిండినయ్. మీ పెళ్లిది ఒరిజినలంత డిలీట్ చేస్తున్న. కావాల్నంటె తీస్కపోన్రి." డిలీట్ అంటే నేను ఊరుకుంటానా! వెంటనే నాచారం వెళ్లి మొత్తం తెచ్చుకున్నాను. చిల్కానగర్‌లో మా ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టుకుని చూశాను.

వెనక కెమెరా తీసిన దాంట్లో, భోజనాల హాలు తలుపు పక్కన స్తంభం దగ్గర అత్తయ్య నిలబడి ఉంది. మా వాళ్లు పెట్టిన ఊదా రంగు పట్టుచీరే కట్టుకుంది. మేళం గట్టిగా మోగగానే కొంగు కింద నుంచి చెయ్యి బయటికి తీసింది. గుప్పిట్లో అక్షింతలు. అక్కణ్ణుంచి మా దాకా చేరవని తెలిసీ విసిరింది. అవి వెళ్లి ఎవరో బట్టతల పెద్దమనిషి నెత్తిన పడ్డాయి. ఆయన వెనక్కి తిరిగేసరికి అత్తయ్య స్తంభం చాటుకి తప్పుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది.

నాకు నవ్వు, ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. ఫోన్ తీసి వీడియో ఆయన్ని కడిగేశాను. "మా అత్తయ్యని తీసెయ్యమని ఎవరు చెప్పారు మీకు?"

"గామెనే చెప్పిందక్కా. పెండ్లైనంక షాపుకొచ్చింది. నేను ఏడ కనవడ్డ తీసెయ్ బిడ్డా, పిల్లల శుభకార్యంల నేనొద్దు అన్నది. నాకు సుత మంచిగనిపియ్యలే. పెద్దామె మాట, ఎట్ల కాదంట?"

"నేనంటున్నా కదా. తాళి కట్టిన వెంటనే ఆ సీను పెట్టండి."

కొత్త వీడియో వచ్చిన రోజు సాయంత్రం ముగ్గురం ఇంట్లోనే ఉన్నాం. టీవీలో మేళం వినబడగానే అత్తయ్య ఎప్పటిలాగే లేచింది. చెయ్యి పట్టుకుని బలవంతాన కూర్చోబెట్టాను. జీలకర్రబెల్లం దగ్గర మా ఆయన నవ్వాడు, ముడి దగ్గర నవ్వాడు. ఆ తర్వాత స్తంభం పక్కన తల్లి కనబడింది. ఇక నవ్వలేదు.

"అమ్మా, నువ్వు ఈడున్నవా?"

అత్తయ్య టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "దగ్గరికొస్తె మీకేమన్న అయితదని భయం. సూడకుంటె పానం ఆగదాయె."

ఇన్నాళ్లూ నన్ను తొలిచేసిన మాట అప్పుడు అడిగేశాను. "మరి మా సంగతి చెప్పినప్పుడు మీ ఇష్టం అని ఊరుకున్నారేం అత్తయ్యా? నేను నచ్చలేదనుకున్నాను."

"నచ్చకేంది బిడ్డా? నాకిష్టమని నోటితోని అంటె, గా మాట సుత మీకు తగుల్తదేమోనని అనలే."

కిందికి దిగి ఆవిడ మోకాళ్ల దగ్గర కూర్చున్నాను. అత్తయ్య నా తల మీద చెయ్యి పెట్టబోయి, భయంతో మధ్యలోనే ఆపేసింది. నేనే తల ఎత్తి ఆ చేతికి ఆనించాను.