మా మామ ఏరిన తెలుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. వృక్షశాస్త్రంలో డిగ్రీ పట్టా చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. అలాంటి వయసులో మనిషికి ఉండే జ్ఞానం మళ్ళీ జన్మలో ఉండదు. ఇప్పుడు తిరువళ్ళూరులో ఒక బడిలో పాఠాలు చెప్పుకుంటూ, పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగానికి 'రేపు చెప్తాను' అని తప్పించుకునే నాకు, అప్పటి నా ధీమా తలుచుకుంటే అసూయగా ఉంటుంది. అది ఒక మనిషి బతుకు మీదకు ఎలా వచ్చిందో గుర్తుకొస్తే మాత్రం దిగులే మిగులుతుంది.

ఆ మనిషి మా మేనమామ. తిరుత్తణిలో నలభై ఏళ్ళు మగ్గం నేశాడు. చీరలు అడిగే నాథుడు లేక మగ్గం విప్పేసి, ఆ కొట్టంలోనే పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టాడు. ఇదీ కుదరకపోతే శ్రీపెరుంబుదూరు వైపు పోయే కంపెనీ బస్సెక్కి వాచ్‌మన్‌గా నిలబడాల్సిందే. ఒకరి ముందు చేతులు కట్టుకోవడం ఎరగని మనిషికి ఆ మాట తలచుకుంటేనే అన్నం సహించేది కాదు. అందుకే చదువుకున్న మేనల్లుణ్ణి పక్కన పెట్టుకున్నాడు. (పాపం, అంతకంటే ధైర్యం చేసినవాణ్ణి నేను చూడలేదు.)

వ్యవసాయ కళాశాలలో ఒక సారు మాకు గాజు గొట్టం ఒకటి ఇచ్చాడు. అందులో ఉర్లగడ్డ (బంగాళాదుంప) గంజితో చేసిన జెల్లీ, దాని మీద పుట్టగొడుగు తాలూకు సన్నని తెల్లని పోగులు. దాన్నే 'తల్లి' అంటారు. అందులోంచి ఒక తునక ఎత్తి ఇంకో గొట్టంలోకి, అక్కణ్ణించి ఉడికించిన జొన్నల్లోకి, జొన్నల నుంచి వరిగడ్డి సంచుల్లోకి మార్చుకుంటూ పోవాలి. "నాలుగైదు సార్లు మార్చాక పాతది పారేసి నా దగ్గరికి రండి" అన్నాడు సారు. ఇంటికొచ్చాక నేను, "అత్త పెరుగు తోడు ఏళ్ళ తరబడి నడుస్తుంటే ఇదెందుకు నడవదు, మళ్ళీ వెళ్ళక్కర్లేదు" అన్నాను. నా డిగ్రీ మొత్తం ఆ ఒక్క మాటలో ఖర్చయిపోయింది.

ఇక గొట్టంలో ఏ మూల నుంచి ఎత్తాలన్నది మామ వంతు. ఆయన దాన్ని కిటికీ దగ్గర వెలుగుకు పట్టి, నూలు కొనేటప్పుడు చూసినట్టే ఒక కన్ను మూసి చూసేవాడు. కొన్ని పోగులు మందంగా, కాస్త మాసినట్టు, వేర్లలాగా పాకి ఉండేవి. ఒక పక్క మాత్రం మెత్తగా, తెల్లగా పొంగి ఉండేది. "ఈడ నుంచి ఎత్తు అల్లుడా. పంజు మాదిరి ఎట్ల ఉండాదో సూడు. ఆ పక్క వద్దు, పురి ఎక్కువైన నూలు మాదిరి ఉండాది, చిక్కు పడతాది" అనేవాడు. (పంజు అంటే మా వైపు తమిళంలో దూది.) నేను సూది కాల్చి, పెద్ద శాస్త్రవేత్తలా ఊపిరి బిగబట్టి, ఆ తెల్లని పక్కనుంచే ఎత్తేవాణ్ణి. పదిహేనో ఇరవయ్యో సార్లు అలాగే ఎత్తాను.

ఎత్తిన ప్రతిసారీ తల్లి ఇంకా తెల్లబడింది, ఇంకా తొందరగా పాకింది. సంచులు వారం తిరగకుండానే తెల్లగా నిండిపోతుంటే నేను ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టుకున్నాను. పుట్టగొడుగులు మాత్రం మొదట తగ్గాయి, తర్వాత వంకరటింకరగా వచ్చాయి, చివరికి రావడమే మానేశాయి. మామ పళ్ళిపట్టు నుంచి వేరే గడ్డి తెప్పించాడు. అత్త గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, మెట్లెక్కి కొండకు వెళ్ళి మురుగన్‌కు మొక్కుకుంది. నేను గాలిలో తేమ గురించి రోజుకో ఉపన్యాసం ఇచ్చాను. ఒక పొద్దున మామ ఆ సంచుల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని, "ఇంత తెల్లగా ఉండాదే, ఎందుకు కాయదురా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక నా ఉపన్యాసాలు ఆగిపోయాయి.

మరుసటి రోజు గొట్టం పట్టుకుని సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్క చూపు చూసి, ఎన్నిసార్లు మార్చారని అడిగాడు. చెప్పాను. తల పట్టుకున్నాడు. ఆయన తమిళంలో చెప్పిందంతా నాకు అర్థమైనంతలో ఇది. ఒక్కో కణంలో ఇద్దరు తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు కేంద్రకాలు కలిసి కాపురం చెయ్యాలి. మార్చే కొద్దీ జన్యువుల్లో ఎక్కడో ఒక తప్పు పడుతుంది, ఒక్కోసారి ఒక కేంద్రకమే జారిపోతుంది. అలా తేడా వచ్చిన పోగు కాయడం మానేసి ఒళ్ళు పెంచుకుంటుంది, అందుకే తెల్లగా, తొందరగా పాకుతుంది. "కష్టపడేదాన్ని పారేసి సోంబేరిని ఏరి ఏరి పెంచారు. ఇలా ఏరింది ఎవరి కన్ను?" అన్నాడు. నేను గొట్టం తీసుకుని బస్టాండు దారి పట్టాను.

బస్సులో తిరుత్తణి దాకా ఒకటే మాట వల్లె వేసుకున్నాను. సారు మళ్ళీ రమ్మంటే వద్దన్నది నేను, తప్పు నాది. మామ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు సారు? తానుగా పాడయిందా, నేను ఏరిందే తప్పా?" అని, నా మొహం చూడకుండా, "నలభై ఏండ్లు ఈ కన్నే గదరా నాకు కూడు పెట్టింది" అన్నాడు.

"తానుగానే పాతబడి పోయిందంట మామా" అన్నాను.

ఆయన మొహం ఎంత తేటపడిందో చెప్పలేను. నేను ఎంత గొప్ప మనసున్నవాణ్ణో అని మురిసిపోయేలోపే, "అట్లయితే సెరి. కొత్త తల్లిని తెస్తాము. ఈ తూరి అంతా నేనే ఏరతా, నీకు కన్ను చాలదు" అన్నాడు. నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవలేదు. నాలుగైదు సార్లకు మించి మార్చొద్దని మాత్రం నసిగాను. "సెరి సెరి" అన్నాడు. నెల తిరగకుండా నాకు ఈ బడిలో ఉద్యోగం వచ్చింది, పెట్టె సర్దుకున్నాను.

కొన్ని నెలలకు, ఇంటర్వెల్‌లో ఫోను వచ్చింది. "మళ్ళా అదే కత అల్లుడా. పంజు మాదిరి పెరిగింది, ఒక్కటీ కాయలే. సోమవారం నుంచి కంపెనీ బస్సెక్కతా ఉండా." మళ్ళీ ఆయనే మెత్తగా అన్నాడు: "నువ్వు చెప్పిందే నిజంరా. అది తానుగానే పోతాది. నీ తప్పేం లేదు. మనసులో ఏం పెట్టుకోవద్దు, ఏం?"

"పెట్టుకోను మామా" అన్నాను.

ఫోను జేబులో వేసుకుని, మామను నొప్పించకుండా ఎంత బాగా కాపాడుకున్నానో అనుకుంటూ, ఆ ఇరవై రెండేళ్ళ పంతులు తేలికపడి క్లాసుకు వెళ్ళిపోయాడు. వాడి మీద కోపం రావాలి. ఎందుకో, నవ్వే వస్తుంది.