మళ్ళీ కణాలివ్వాల్సిన అన్న కోసం ఫిల్మ్‌నగర్ దాకా

చిన్నీ, నువ్వు చూపిస్తానన్న ఫిల్మ్‌నగర్‌ని నేనొక్కదాన్నే చూసొచ్చానే.

మూలకణాల మార్పిడి తర్వాత తిరగబెట్టిన రక్త క్యాన్సర్‌తో మా అమ్మాయి చిన్ని పోయింది. ఆసుపత్రి వరండాలో పరిచయమైన సుగుణ నిన్న ఫోన్ చేసింది. వాళ్ళమ్మాయి ఆశకీ అలాగే తిరగబెట్టిందట. మొదట మూలకణాలిచ్చిన అన్న సన్నీ, ఈసారి తెల్లకణాలిస్తే అవి జబ్బుతో పోరాడొచ్చని డాక్టరు చెప్పారట. వాడేమో ఫోనెత్తడం లేదు. "నువ్వెళ్ళి అడగవా అక్కా" అంది. ఒకసారి సంతోషంగా ఇచ్చినవాడు ఇప్పుడెందుకు తప్పించుకుంటున్నాడో నాకూ తెలుసుకోవాలనిపించింది.

మేముండేది మోతీనగర్. పొద్దున తొమ్మిదింటికి ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా వెళ్ళాను. బేరమాడితే నూట ఎనభైకి వచ్చాడు. కృష్ణానగర్‌లో బైకుల మధ్య ఇరుక్కున్నప్పుడు డ్రైవరు వెనక్కి తిరిగాడు.

"ఏందమ్మా, వేషం కోసం పోతున్నవా? అత్త పాత్రకు మంచిగ సెట్ అయితవ్."

"అత్తేనా? హీరోయిన్‌గా పనికిరానా?"

"జర మేకప్ ఎక్కువైతది" అని నవ్వాడు.

జూబ్లీహిల్స్‌లో ఎత్తు గోడలే తప్ప ఇళ్ళు కనబడవు. ఆ గోడల వెనక వాళ్ళు ఈ వేళప్పుడు ఏం చేస్తుంటారో అనుకుంటూ ఫిల్మ్‌నగర్‌లో దిగాను.

సన్నీ సినిమా పాటల్లో గ్రూప్ డాన్సరు. రిహార్సల్ హాలు ఓ మేడ మీద ఉంది. అందరూ కలిసి ఒకటే అడుగు వేస్తున్నారు, మాస్టారు "వన్ మోర్!" అంటే మళ్ళీ అదే. ఎన్నిసార్లు చూసినా తేడా నాకు తెలియలేదు. విరామంలో సన్నీ మెట్ల మీదికొచ్చాడు.

"అమ్మ పంపిందా ఆంటీ?"

"పంపింది. ఎందుకురా రావట్లేదు?"

వాడు మెట్టు మీద కూర్చున్నాడు. "ఆశ బ్లడ్ గ్రూపు మారి నాదే వచ్చింది కదా. ఇప్పుడు దాని ఒంట్లో ఉన్నది నా రక్తమే. అందులోనే జబ్బొచ్చిందంటే నాలోనే ఏదో ఉన్నట్టు. మళ్ళీ అదే ఎక్కించమంటారా?"

చిన్నికి రెండుసార్లూ కణాలిచ్చింది నేనే. ఇదే మాట నేనూ డాక్టర్ని అడిగాను.

"చిన్ని రక్తం పరీక్ష చేసి నాకు చెప్పార్రా. తిరిగొచ్చినవి దాని పాత కణాలే, నావి కావు. మందులకి దొరక్కుండా నక్కి ఉన్నాయంట. ఆశవీ ఎవరివో పరీక్షలో తెలుస్తుంది. నువ్వే అడుగు."

"మరి మీరు రెండోసారి ఇచ్చినా చిన్ని..."

"దానికి ఒంటి నిండా దద్దుర్లొచ్చాయి. నా కణాలు పోరాడుతున్నాయేమోనని డాక్టరు కూడా ఆశపడ్డారు. చాల్లేదు. ఆశకి నయమవుతుందని నేను మాటివ్వలేను నాన్నా."

లోపల్నుంచి మాస్టారు కేకేశారు. "సన్నీ! తమరు వస్తే మొదలెడతాం!"

వాడు లేచి గుమ్మంలో నిలబడ్డాడు. "మాస్టారూ, రేపు రాను. హాస్పిటల్‌కెళ్ళి డాక్టర్ని కలవాలి. చెల్లికి మళ్ళీ ఇవ్వాలి."

మాస్టారి గొంతు మెత్తబడింది. "వెళ్ళు. నీ ప్లేసులో ఎవర్నీ పెట్టను."

తిరుగు దారంతా కణాలు తీసిన నా చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. నా రక్తం చివరిదాకా చిన్ని ఒంట్లో తిరిగింది. ఇన్నాళ్ళూ అది తలుచుకుంటే భయమేసేది. ఇవాళ మాత్రం, నేను వెళ్ళలేని చోటికి కూడా కొంచెం చిన్నితో వెళ్ళాను అనిపించింది.

కణాలిచ్చేవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మాట. యంత్రం పక్కన గంటల తరబడి పడుకోవాలి, ఖాళీ కడుపుతో రావొద్దని నాకు చెప్పారు. పక్కన కూర్చునే మీరు కూడా వేళకి కడుపునిండా తినండి.