అప్పల్రాజు మామ వేలిముద్ర

ఇన్నేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. గుమ్మంలో ఎవరు పిలిచినా ముందు కిటికీలోంచి తొంగి చూసి గానీ తలుపు తీయను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఈ దీవుల్లో, రంగత్ ఊరి దగ్గర మాకు కొద్దిగా పొలం ఉంది. నాన్న పోయాక నా పేరుకు వచ్చింది. సాగు చేసేది అప్పల్రాజు మామ. చుట్టం కాదు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. చిన్నప్పటి నుంచీ మామ అనే పిలుస్తాను. బీర, కాకర పండించి సగం మాకిస్తాడు. కాగితమేమీ లేదు. ఇక్కడ కౌలంతా నోటిమాటే.

లాక్‌డౌన్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి బళ్ళు ఆగిపోయాయి. కాయలు పాదుల మీదే కుళ్ళాయి. నష్టపోయినవాళ్ళకు ప్రభుత్వం సాయం ఇస్తుందన్నారు. భూమి ఎవరిదైనా సాగు చేసినవాడికేనట, యజమాని ఒప్పుకుని సంతకం చేస్తే చాలట.

అది విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఆయన పేరు ఒకసారి సర్కారు రికార్డులోకి ఎక్కితే, రేపు పొలం నాదేనంటే? అలా అనే మనిషేనా ఆయన? కాదు. అప్పుడూ తెలుసు. అయినా భయపడ్డాను. ఒట్టి భయమేనా? ఆశ లేదూ? ఉంది, ఇంకా ఎందుకు దాచడం!

హిందీలో కాగితం రాశాను. తాను ఈ పొలంలో రోజుకూలీ మాత్రమేననీ, పంటతో తనకు ఏ సంబంధమూ లేదనీ మామే చెప్పినట్టుగా. మామ హిందీ మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు.

"ఏటి రాసినావు పాపా?"

"నీకు సాయం రావాలని, మామా. ఇక్కడ అంగూఠా పెట్టు."

"నువ్వు రాసినావంటే సాలమ్మా. నానేటి సదవగల్నా?"

చెయ్యి లుంగీకి తుడుచుకుని మరీ వేలు నొక్కాడు. నకలు ఒకటి అడిగి తీసుకున్నాడు. ఇవ్వనని ఏ మొహంతో అంటాను?

ఆ కాగితం జతచేసి, సాగు నాదేనని నా పేరుతోనే దరఖాస్తు పెట్టాను. డబ్బు నా ఖాతాలో పడింది. ఇంటికి కొత్త రేకులు వేయించాను. ఆయన బియ్యం కోసం నీళ్ళ మోటారు అమ్మేశాడు. అప్పటి నుంచి ఆయన భార్య సింహాచలమత్త వాగు నుంచి బిందెలతో మోసి పాదులకు పోస్తోంది. నడుము వంగిపోయింది. మా కిటికీలోంచి కనిపిస్తుంది. నేను కిటికీ మూసేస్తాను. ఛీ, ఏం మనిషిని!

కాయలు తెచ్చినప్పుడల్లా మామ తన కాగితం సంగతి అడుగుతాడు. ఆఫీసు పని కదా, ఆలస్యమవుతుందంటాను. పోయిన వారం నవ్వుతూ ఒక మాటన్నాడు. మనవరాలు హిందీ గడగడా చదివేస్తోందట, ఆ నకలు దానిచేత చదివించుకుంటాడట. నిన్న ఆయన కాయలు తీసుకురాలేదు. జ్వరమా? లేక చదివించుకున్నాడా? వెళ్ళి చూడటానికి కాళ్ళు రావడం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఇన్నాళ్ళూ పొరపాటు అని నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటు కాదు. కొట్టివేత ఒక్కటి లేకుండా దిద్ది దిద్ది రాశాను. మామ దరఖాస్తు ఏ ఆఫీసులోనూ లేదు. ఎప్పుడూ లేదు. నేనే పెట్టనివ్వలేదు. ఈ మాట రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది.