ముత్తాతగారి చివరి అధ్యాయం

1991 జనవరి. గల్ఫ్ యుద్ధం మొదలై వారం కూడా కాలేదు. నేను సౌదీలోని యాన్బులో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. బాంబులు పడుతున్నది మాకు చాలా దూరంలోనే అయినా, గాయపడినవాళ్లను తెస్తారేమోనని ఒక వార్డు ఖాళీ చేయించి, ఉన్న రోగులందరినీ ఒకేచోట సర్దారు. లేకపోతే హారిస్‌గారి పక్క మంచం మల్లయ్యకు దక్కేదే కాదు.

హారిస్‌గారు ఇంగ్లండు మనిషి, పెద్ద ఇంజినీరు. అరవై దాటాయి. స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆయనది డిసార్థ్రియా. అంటే బుర్ర చక్కగా పనిచేస్తుంది, నాలుకా పెదాలే చెప్పినట్టు వినవు. మల్లయ్యది జగిత్యాల దగ్గర పల్లె. సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అది అతుక్కునేదాకా కూడా ఆగకుండా కంపెనీ అతని పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించింది. ఇక ఇంటికి పోవడమే.

హారిస్‌గారి దిండు కింద టైపు చేసిన కాగితాల ఫైలొకటి ఉండేది. వందేళ్ల కిందట దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో చట్టసభ సభ్యుడిగా వెలిగిన ఆయన ముత్తాత జీవితచరిత్ర అది. వడ్రంగిగా ఓడ దిగి, చెరుకు తోట కొని, ఎన్నికల్లో గెలిచి, ఊరికి రైలూ బడీ తెప్పించిన మనిషి. చివరి అధ్యాయం మాత్రం మిగిలిపోయింది. పదిరోజుల్లో హారిస్‌గారిని విమానంలో లండన్ పంపిస్తారు. ఇంకో స్ట్రోక్ వస్తే కష్టమని డాక్టరన్నాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పుస్తకం పూర్తిచేసి కూతురి చేతిలో పెట్టాలన్నదొక్కటే ఆయన తాపత్రయం.

సెలైన్ డబ్బా అట్ట చించి, అక్షరాలు రాసి, కమ్యూనికేషన్ బోర్డు తయారుచేశాను. డ్యూటీ దిగాక ఆయన మంచం పక్కన కూర్చునేదాన్ని. ఆయన ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం చూపిస్తే నేను రాసుకోవాలి. నాకసలే ఓపిక తక్కువ. మూడక్షరాలు చూపించేసరికి మాట నేనే పూర్తిచేసేదాన్ని. పైగా పోయిన పెద్దాయన, సొంత ముత్తాత. మనలో పోయినవాళ్ల గురించి చెడుగా అనం కదా. ఆయన వేలు తడబడినచోటల్లా "దూరదృష్టి" అనీ "ప్రజల మేలు కోసం" అనీ నేనే మర్యాదగా పూరించాను.

నాలుగోరోజు రాసిందంతా చదివి వినిపించాను. హారిస్‌గారు బోర్డును ఒక్క తోపు తోశారు. అది కింద పడింది. ఆయన కళ్లలో నీళ్లు. నాకూ కోపం వచ్చింది. విశ్రాంతి మానుకుని రాస్తుంటే ఇదా ఫలితం?

"ఏమైందక్కా? పెద్దసారు గంత గుస్స అయితుండు?" అన్నాడు మల్లయ్య.

"ఏమో మల్లయ్యా. బాగానే రాశాను."

"నాకు ఇంగ్లీషు రాదు గనీ, రోజు సూస్తున్న. సారు యేలు లేపకముందే నువ్వు బిరబిర చెప్పవడితివి. ఆయన్ని జర చెప్పనియ్యక్కా."

సిగ్గుతో తల వాలిపోయింది. "క్షమించండి సార్. మళ్లీ మొదటినుంచి చెప్పండి. ఈసారి నోరెత్తను," అన్నాను. మల్లయ్య తన మంచం మీదనుంచే వంగి, బోర్డు కదలకుండా పట్టుకున్నాడు. రెండు గంటలు పట్టింది.

"మా ముత్తాత తెచ్చిన ఆఖరి చట్టం ఇది. ఒప్పందం ముగిసిన కూలీలు ఓడెక్కి తిరిగి పోవాలి. ఉంటామంటే ఏటా పన్ను కట్టాలి. వాళ్లు మద్రాసు రేవునుంచి వచ్చినవాళ్లు. ఆయన తోటను పెంచింది వాళ్లే. మా ఇంట్లో ఎవరూ ఈ మాట ఎత్తరు. ఆయన తప్పు చేశాడు. అయినా ఆయనంటే నాకు ప్రేమ."

మల్లయ్యకు తెలుగులో చెప్పాను.

"అంటే గప్పుడు గూడ ఎగ్జిటేనా అక్కా?" అన్నాడు. కట్టు కట్టిన కాలు చూసుకుని, "సొంత తాత తప్పయినా దాచుకోలేదు. మంచోడే ఈ సారు," అన్నాడు.

మల్లయ్య రోజూ అలాగే బోర్డు పట్టుకోగా అధ్యాయం పూర్తిచేశాం. ప్రయాణంరోజు స్ట్రెచర్ వచ్చింది. హారిస్‌గారు బోర్డు కావాలని సైగ చేశారు. వేలు టి మీద, తర్వాత హెచ్ మీద ఆగింది. "థ్యాంక్స్" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. నెమ్మదిగా వచ్చిన మాట వేరే, "దట్ మ్యాన్" అని. "ఆ మనిషి పేరేమిటి?"

ఇన్నిరోజులూ బోర్డు పట్టుకున్నవాడి పేరు ఆయనకు చెప్పాలని నాకే తోచలేదు.

"నా పేరా? నా పేరెందుకక్కా సారుకు?" అంటూనే మల్లయ్య ఆయన వేలు పట్టుకున్నాడు. నేను చూపిస్తుంటే అక్షరం అక్షరం మీద ఆనించాడు. హారిస్‌గారి పెదాలు కదిలాయి. "మ..." అని ఆగిపోయింది. నేను అందించబోయాను.

"ఆగక్కా. ఆయన్నే అననీ."

స్ట్రెచర్ తోసేవాళ్లు ఆగారు. అందరం ఆగాం. ఎంతసేపో తెలియదు.

"మ...ల్ల...య్య."

నాకు ఏడుపు ఆగలేదు. తర్వాతి వారం మల్లయ్య కూడా చంకకర్రల మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేనెన్నో ఏళ్లు పనిచేశాను, నా దగ్గరికి వచ్చిన కొత్త నర్సులందరికీ ఆ మాటే చెప్పాను. ఆగు, ఆయన్నే అననీ.