లారీల బాటలో ఆగొద్దన్న రోజు

జమునను భయస్తురాలని వెక్కిరించే వాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. లారీ డ్రైవరుకు పెళ్ళామై కొన్నేళ్ళు కాపురం చేసి చూడండి, అప్పుడు తెలుస్తుంది. నా పేరు యాకూబు. కామారెడ్డి దాటాక హైవే పక్కన నాకొక చాయ్ హోటలుంది. దాని వెనక మక్క చేను దాటితే జమున వాళ్ళ తండా.

ఆమె పుట్టిల్లు ఎల్లారెడ్డి అవతల ఇంకో తండా. పెళ్ళయిన కొత్తలో మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరకు కొట్టడానికి మహారాష్ట్ర పోయేవాళ్ళు. అక్కడ చెరకు ట్రాక్టరు బోల్తా పడి జమున తమ్ముడు కళ్ళ ముందే పోయాడు. అలాంటి ట్రాక్టర్ల మీదే ఆమె మొగుడు భీమ్‌సింగ్ స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. తర్వాత లారీ ఎక్కాడు. ఇక ఆ పిల్లకు కంటి నిండా నిద్ర ఎక్కడిది?

భీమ్‌సింగ్ ఆదిలాబాద్‌లో పత్తి బేళ్ళు ఎక్కించుకుని హైదరాబాదు పోతుంటాడు. లోడెత్తాక ఇంటికి ఫోన్ చేస్తాడు. ఆ తర్వాత చార్జింగు దండగని ఫోను కట్టేస్తాడు. మా దగ్గర రోడ్డు కింది మోరీ కాడికి రాగానే పొడుగ్గా హారన్ కొడతాడు. అప్పటికే జమున జొన్న రొట్టెల మూటతో నా హోటలు పక్కన నిలబడి ఉంటుంది. ఆయన బండి పక్కకు ఆపి, దిగి, ఆమె చేతి రొట్టె ఒక తునక నోట్లో వేసుకుంటే గానీ ముందుకు పోడు. వానొచ్చినా జ్వరమొచ్చినా ఆమె రాకుండా ఉన్నది లేదు. కాన్పయిన కొత్తలో కూడా పిల్లను చంకనేసుకుని వచ్చి నిలబడింది. నేను చూసి నాలుగు తిట్టాను. వింటేనా!

రెండు వేల పన్నెండు ఎండాకాలంలో ఒక సర్వే కంపెనీ వాళ్ళు దిగారు. హైవే మీద ఎడమ వరసను లారీలకే వదిలేస్తే కార్లూ బస్సులూ హాయిగా పోతాయట. అది కుదిరే పనో కాదో చూడాలట. వాళ్ళ ఇంజినీరు నా బెంచీ మీద కూర్చుని ఈ సంగతంతా విడమరిచి చెప్పాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"మరి సైకిళ్ళు, ఎడ్లబండ్లు, మా మేకలు యాడికెళ్ళి పోవాలె సార్? గాల్లనా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "అదే చూడడానికి వచ్చాం యాకూబ్. కుదరకపోతే కుదరదనే రాస్తాం" అన్నాడు. మంచి మనిషే, ఉన్నమాట చెప్పాలి.

పరీక్షకని మోరీ నుంచి నా హోటలు దాటి చాలా దూరం దాకా ఇసుక నింపిన డ్రమ్ములు వరసగా పెట్టి, వాటికి తాళ్ళు కట్టారు. ఒక పక్క డ్రమ్ములు, ఇంకో పక్క ఇనుప కమ్మీ. మధ్యలో ఒక్క లారీ పట్టేంత బాట. పరీక్ష మొదలైన పొద్దున జమున మూట పట్టుకుని రావడం చూసి ఇంజినీరే ఆపి చెప్పాడు.

"ఈ బాటలో ఎవరూ బండి ఆపకూడదమ్మా. ఒకటి ఆగితే వెనకొచ్చేది పక్కకు తప్పుకోలేదు. మీ ఆయనకు ముందే చెప్పు."

ఆమె మొహం పాలిపోయింది. భీమ్‌సింగ్ అప్పటికే లోడుతో బయలుదేరాడు. ఫోను చేస్తే స్విచాఫ్. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే. నా హోటల్లో చాయ్ తాగుతున్న దేవన్న అనే డ్రైవరు ఖాళీ లారీతో నిర్మల్ వైపు పోతున్నాడు. జమున ఆయన కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది.

"బాపూ, ఆర్మూరు కాడి ధాబాల మా ఆయన తినేతందుకు ఆగుతడు. ఇయ్యాల ఈడ బండి ఆపద్దని చెప్పు. నీ పుణ్యముంటది."

"కనవడితె చెప్త బిడ్డా. పరేషాన్ గాకు" అని దేవన్న పోయాడు.

కనపడితే! ఆ ఒక్క మాట ఆమెను కాల్చుకు తిన్నది. దేవన్నకు ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడు. బండి నడుపుతూ ఎత్తితే మనమే తిడతాం కదా. పొద్దెక్కింది. డ్రమ్ముల పక్కన లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి రయ్యిమని పోతున్నాయి. ఒక్కో లారీ పోయినప్పుడల్లా జమున గుండె మీద చెయ్యి వేసుకుంటోంది. చాయ్ ఇస్తే గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

ఉన్నట్టుండి లేచింది. "నేను కనవడ్తెనే గద అన్నా ఆయన ఆగేది. దాసుకుంట" అని నా పొయ్యి వెనక్కి పోయి, మూటను ఒళ్ళో పెట్టుకుని, కొంగు నెత్తి మీదికి లాక్కుని ముడుచుకు కూర్చుంది.

మోరీ దగ్గర హారన్ మోగింది. జమున పెదవి కొరుక్కుంది. మళ్ళీ మోగింది. లారీ నెమ్మదించింది. వెనక బండ్లన్నీ ఒకటే గోల. భీమ్‌సింగ్ కిటికీలోంచి తల బయటపెట్టి ఇటూ అటూ చూస్తున్నాడు. "పో నాయనా, పో" అని నేను గొణుక్కుంటున్నాను. హోటలు దాటాడు. హమ్మయ్య అనుకునేలోగా కీచుమని బ్రేకు పడింది. తలుపు తెరిచి దూకి, "జమునా!" అని అరుస్తూ తండా వైపు ఉరికాడు.

"బండి తియ్యి! పో!" అని జమున పొయ్యి వెనక నుంచి గొంతు చించుకుంటూ ఎదురు పరిగెత్తింది.

వెనక లారీ ఆగింది. దాని వెనకది కూడా ఎలాగో ఆగింది. ఆ తర్వాత ఇనుప సలాకల లోడు వస్తోంది. తప్పుకోవడానికి చోటేదీ? యా అల్లా! ఆ చప్పుడుకు నా హోటలు రేకులు అదిరాయి. లోడు లారీ డ్రైవరు ముందరి భాగంలో ఇరుక్కుపోయాడు. అందరం కలిసి గడ్డపారలతో తలుపు పెకిలించి బయటికి లాగితే, మనిషి బతికే ఉన్నాడు గానీ కాళ్ళు రెండూ నుజ్జయ్యాయి.

ఇంజినీరు పరుగున వచ్చాడు. "ఎందుకాపావయ్యా? నీకెవరూ చెప్పలేదా?" అని భీమ్‌సింగ్ మీద అరిచాడు.

"చెప్పిండు సార్. దేవన్న ధాబాల అంత మంచిగ చెప్పిండు. ఆపద్దనే వచ్చిన. ఆమెను జూసి చెయ్యూపి పోదామనుకున్న. ఆమె నిలబడి లేదు. ఎన్నడు గిట్ల లేదు సార్. ఏమయ్యిందో ఏమో అని పానం గుంజింది."

"దేవన్న చెప్పిండా?" అంది జమున. భీమ్‌సింగ్ తలూపాడు.

ఆమె అలాగే రోడ్డు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆ డ్రైవరును అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే ఆయన జేబులో ఫోను మోగడం మొదలైంది. ఎవరికీ తీసే ధైర్యం లేదు. జమున నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అన్నా, గాయన పెండ్లాం ఏ రోడ్డు మీద నిలబడి ఎదురు సూస్తున్నదో" అంది.