పత్తి మిల్లుకు రిబ్కా రాసిన పరీక్షలు

రిబ్కా మా యోసేపు మాస్టారి మనవరాలు. ఎం.సి.ఏ. చదివి తిరువూరు బస్టాండు ఎదుట కంప్యూటరు సెంటరులో జావా నేర్పేది. 2008లో ఆ సెంటరు మూసేస్తున్నారని తెలిసింది. అప్పుడే ఒక పత్తి మిల్లు యజమాని తేమకు కోత లెక్కగట్టే ప్రోగ్రాము రాయమన్నాడు. నచ్చితే మిల్లులోనే ఉద్యోగం.

నియమాలు చెప్పమని నన్ను పిలిచింది. పిలవక? ఎ.కొండూరు బడిలో ఏడో తరగతి ఫస్టున ప్యాసయినవాణ్ణి, ఆ మిల్లులోనే ముప్పై రెండేళ్లు కాటా వేసినవాణ్ణి. గుప్పెట పిసికి నేను చెప్పిన తేమ శాతాన్నే తర్వాత వచ్చిన మీటరూ చెప్పింది.

ప్రతి నియమానికీ రిబ్కా చిన్న పరీక్ష రాసేది. ప్రోగ్రాము తప్పితే తెర మీద ఎర్ర గీత, సరిపోతే పచ్చ గీత. తేమ ఎనిమిది శాతం దాకా మాఫీ, ఆపైన శాతానికో కిలో. పన్నెండుంటే క్వింటాలుకు నాలుగు కిలోల కోత. అక్కడే ఎర్ర గీత పడింది.

“మూడు రావాలట తాతయ్యా, నాలుగు వచ్చిందట,” అని కోతలో ఒక కిలో తగ్గించింది. ఈసారి రెండు రావాలంది తెర.

“ఇదేం బేరమే, దిగుతూ పోతోంది? నేను చెప్పింది నాలుగు కదటే!”

రిబ్కా నాలుక కరుచుకుంది. అసర్ట్ ఈక్వల్స్ అనే పాత పద్ధతిలో రావలసిన అంకె ముందు రాయాలట. తను తిరగేసి రాసింది. మూడు ఇచ్చింది ప్రోగ్రామే. అందులో మాఫీ ఎనిమిదికి బదులు తొమ్మిదని తనే కొట్టింది.

సరిచేశాక, పరీక్ష రాయడానికి ఉన్న మూడు పద్ధతులు కాగితం మీద రాసి, “నీకు ఏది తెలుస్తోంది?” అంది.

అసర్ట్ ట్రూ అనేది తప్పు అంటుందే గాని ఎంత వచ్చిందో చెప్పదు. ఈక్వల్స్‌లో రెండంకెల్లో ఏది ఎవరిదో తెలియదు. మూడోది అసర్ట్ దట్: కోత, ఈజ్ నాలుగు. ముందు ప్రోగ్రాము ఇచ్చిన కోత, తర్వాత అది నాలుగు కావాలన్న మాట.

“ఇదుంచు. కాటా దగ్గరా ముందు బస్తా, తర్వాతే మాట,” అన్నాను.

నలభై పరీక్షలూ అలాగే మార్చింది.

సోమవారం మిల్లులో యజమాని పరీక్షల కాగితం చూసి, “ఇవి మన నియమాలేనని పూచీ ఎవరు?” అన్నాడు. కాగితం తీసుకుని నేనే చదివాను. ఇంగ్లీషు కూడబలుక్కునేవాణ్ణి, ఎక్కడా తడబడలేదు.

పదిహేడో వరుసలో ఆయనే, “ఆగు అంతోనయ్యా! ఇరవై శాతానికి కోతేంటి? తడిసిన బస్తా మనం తీసుకోం కదా,” అన్నాడు.

ఆ మాట చెప్పడం నేనే మరిచాను. రిబ్కా అక్కడే కూర్చుని ఆ వరుస మార్చి, ప్రోగ్రాము సరిచేసింది. తెర మీద గీత పచ్చబడింది.

“నాకే అర్థమైందంటే ఇక గుమాస్తాలకేం భయం? రేపట్నుంచి రా అమ్మాయ్,” అన్నాడు యజమాని.